పోస్టులో మునక పాఠాలు

786
విశాఖపట్నం, వన్ టౌన్
12 అక్టోబరు 1986

హుస్సేన్ బావకి ఖయ్యూం సలాములు.

అమ్మ మోకాళ్ళు తప్ప ఇంట్లో అందరం కులాసా. అమ్మ మోకాళ్ళు కూడా కులాసాయే గానీ, నీకు రాసే ఉత్తరంలో వాటి ఊసు లేకపోతే ఆవిడ ఊరుకోదు. అక్క బాగానే ఉంది. నువ్వెప్పుడొస్తావని నన్నడగడం ఈ మధ్య మానేసింది.

సంగతేమిటంటే, నేను పడవ కొన్నాను.

నవ్వకు. పోర్టులో ఖలాసీగా ఉన్నప్పుడు నువ్వు నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని కెరటాల్లోకి తీసుకెళ్ళేవాడివి. ఆ పిచ్చి అప్పుడే ఎక్కింది, తప్పు నీదే. స్టీల్ ప్లాంటులో మా గ్యాస్ కటింగ్ షెడ్డుకి వచ్చే రష్యా ఇంజినీరు గెన్నాది వాళ్ళ దేశం వెళ్ళిపోతున్నాడు. మాంసం కాల్చుకోవడానికి ఇనప ఊచల జల్లెడ ఒకటి చేసిపెట్టమంటే చేసిపెట్టాను, అప్పట్నుంచి మాకు దోస్తీ. వెళ్ళేముందు సామాను అమ్ముకుంటుంటే అందులో పడవ కనబడింది. ఇద్దరు పట్టేది, బెండకాయలా సన్నంగా పొడుగ్గా ఉంటుంది. ఒకే తెడ్డుకి రెండు చివర్లా రెక్కలు. నా చేతి గడియారం ఆయనకి నచ్చింది, ఆయన పడవ నాకు నచ్చింది. బేరం కుదిరిపోయింది. ఇప్పుడు టైమెంతయిందో నాకు తెలీదు, అక్కర్లేదు కూడా.

దాన్ని గాజువాక నుంచి సిటీ బస్సులో ఇంటికి తెచ్చాను. ఎలాగని అడగకు, చెప్పను. వచ్చినప్పుడు నీ కళ్ళతో నువ్వే చూద్దువుగాని.

పాతది కదా, అడుగున రెండు చోట్ల నీరు ఊరుతోంది. ఏం చెయ్యాలో రాయి. అందులో కూర్చుని గాలం వేసి చేపలు పట్టాలి, ఆ తర్వాత నీలాగా మునగాలి. ఇదీ నా ప్లాను. మీ డైవింగు కంపెనీ వాళ్ళు పారేసే, మునిగేటప్పుడు పెట్టుకునే అద్దాలూ కాళ్ళ రబ్బరు రెక్కలూ ఉంటే పంపించు. పాతవైనా పరవాలేదు, మనకి కొత్తవి ఎప్పుడు అచ్చొచ్చాయి గనక.

నీ బామ్మర్ది, పడవ యజమాని,
ఖయ్యూం


786
అబూదాబీ
29 అక్టోబరు 1986

పడవ యజమాని గారికి, వాళ్ళ అక్కని చేసుకున్న పాపానికి ఈ ఎడారిలో పడి ఉన్న హుస్సేన్ బాషా సలాం చేసి రాయునది.

ఒరే ఖయ్యూం, పడవని సిటీ బస్సులో తెచ్చానంటే నమ్మడానికి నేను మీ వీధిలో వాడిననుకున్నావా? కండక్టరు దానికి టిక్కెట్టు కొట్టాడా, పాస్ అన్నావా? గొప్పలకైనా ఒక హద్దుండాలి. సరే, పడవ కొన్నమాట మాత్రం నిజమేనని నమ్ముతున్నాను. మీ అక్క కూడా రాసింది. "మా తమ్ముడు రష్యా వాళ్ళతో తిరుగుతున్నాడు, రేపు ఆ పడవెక్కి రష్యా పోతానంటాడేమో" అని. దానికి భయం, నాకు నవ్వు.

నీరు ఊరుతోందన్నావు. దానికి మందు ఒక్కటే, తారు. మంచి తారు కాచి, వేడి మీదే అడుగంతా రెండు పూతలు పట్టించు. ఒక పూత ఆరాకే రెండోది. నేను పోర్టులో ఉన్నప్పుడు ఎన్ని పడవల అడుగులు నా చేత్తో పూశానో నీకు తెలుసు. ఇంకెవరి సలహా వినకు.

అద్దాల సంగతి చూస్తాను. మేం పనిచేసే బార్జీ ఓడ మీద స్టోరు చూసే మలయాళీ కుట్టి నా మాట వింటాడు. నీళ్ళ మీద కూర్చున్నవాడికి నీళ్ళ కింద ఏముందో తెలియాలి, అందుకని నీ ప్లాను నాకు నచ్చింది. కానీ జాలారిపేట మనిషిని ఒకణ్ణి తోడు పెట్టుకోకుండా కెరటం దాటావని తెలిసిందో, వచ్చి నీ కాళ్ళు విరగ్గొడతాను.

కంపెనీతో ఒప్పందం అయిపోగానే వస్తానని మీ అక్కకి చెప్పు. అమ్మ మోకాళ్ళకి నా సలాములు.

నీ బావ,
హుస్సేన్


786
విశాఖపట్నం
30 నవంబరు 1986

బావా,

సలాం తర్వాత చెబుతాను. ముందు తిట్టనీ.

నీ తారు నా పడవ కొంప తీసింది. నా పడవ చెక్కది కాదయ్యా! అల్యూమినియం ఊచల గూడు, దాని మీద రబ్బరు పూసిన కాన్వాసు. విప్పి మడిస్తే రెండు సంచుల్లో పడుతుంది. అందుకే బస్సులో తెచ్చాననేది! నీ చేత గుటకలు మింగించాలని దాచాను, ఆ సరదా నాకే తగిలింది. రబ్బరుకి తారెందుకని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. కానీ నువ్వు సముద్రం వాడివి, నేను ఇనుము వాణ్ణి, ఇంకెవరి సలహా వినకు అని కూడా రాశావు. పెరట్లో తారు కాచి పోశాను. రబ్బరు బుడగలు బుడగలుగా లేచింది. ఆరిందనుకుని మడిచాను. మర్నాటికి అంతా ఒకే ముద్ద. అక్క చూసి, "మీ బావ వెయ్యి మైళ్ళ దూరం నుంచి కూడా ఇల్లు పాడుచెయ్యగలడు" అంది. చాలా రోజుల తర్వాత నవ్వింది, అందుకు మాత్రం నీకు థాంక్స్.

చివరికి పూర్ణా మార్కెట్ దగ్గర లారీ ట్యూబుల పంక్చర్లు వేసే మనిషి కాపాడాడు. తారు పట్టిన చోటల్లా కోసేసి, లారీ ట్యూబు ముక్కలు అతికించాడు. ఇప్పుడది పడవలా లేదు, బొంతలా ఉంది. కానీ చుక్క నీరు రాదు.

తోడు కూడా దొరికాడు. పెద జాలారిపేటలో దొరబాబు. నా ఈడువాడే, తెప్ప మీద చేపల వేటకెళతాడు. వాడు నన్ను బావ అంటాడు, నేను వాణ్ణి బావ అంటాను, ఎవరికీ ఎవరమూ ఏమీ కాము. ఇసకలో కూర్చుని నేను సంచులు విప్పి ఊచలు గుచ్చుతుంటే చుట్టూ పేటంతా చేరింది. "ఏటి బావా ఇది, పడవా, గొడుగా?" అన్నాడు దొరబాబు. బిగించడం అయ్యాక ఒక ఊచ మిగిలిపోయింది. "దేవుడు కూడా ఒకోసారి మిగిల్చీత్తాడు, పద" అన్నాడు. మొదటి కెరటానికే ఇద్దరం బోల్తా. రెండోసారీ అంతే. "కెరటాన్ని సూసి బయపడ్డం కాదు, దాని ఎనకాల వచ్చీదాన్ని సూడు" అని నేర్పాడు. మూడోసారి దాటేశాం. బావా, ఆ గీత దాటాక సముద్రం ఎంత నెమ్మదిగా ఉంటుందో! నాకు కేకలు వెయ్యాలనిపించింది, వేశాను.

గాలానికి పార చేపలు పడ్డాయి, ఒక చిన్న కోనాం పడింది. ఒడ్డుకొచ్చి పొంగిపోయి చేపలన్నీ దారిలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పంచేశాను. మర్నాడు దొరబాబు వాళ్ళమ్మ, మన వీధికి గంప తెచ్చే పోతమ్మే, నడుము మీద చెయ్యేసుకుని నిలదీసింది. "ఏటి బాబూ, సేపలు ఊరికే పంచీత్తన్నావంట! నివ్వు సరదాకి పట్టీసి సరదాకి పంచీత్తే, నా గంపలో సేపలు ఎవులు కొంతారు? మా కడుపు మీద కొట్టడానికేనా రస్యా నించి పడవ తెప్పించినావు?" ఇప్పుడు చేప ఏదైనా ముందు పోతమ్మ గంపలోకే. అమ్మిన దాంట్లో మనిషికో వాటా, పడవకో వాటా. ఆ పడవ వాటా కింద ఒక చేప ఇంటికి పంపిస్తుంది, అక్క పులుసు పెడుతోంది.

ఇకమీద నీ సలహా వచ్చినా ముందు నా బుర్రతో ఆలోచిస్తాను. ఇప్పుడు సలాం.

బొంత పడవ యజమాని,
ఖయ్యూం


786
అబూదాబీ
24 డిసెంబరు 1986

ఒరే బామ్మర్దీ,

నీ ఉత్తరం బార్జీ మీద అందరికీ చదివి వినిపించాను. నవ్వలేక కుట్టి కిందకూర్చుండిపోయాడు. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను, కానీ సగం నీది. పడవ దేంతో చేశారో చెప్పకుండా జబ్బేమిటని అడిగితే ఏ వైద్యుడు మాత్రం ఏం చేస్తాడు?

మా వంటవాడు శ్రీకాకుళం మనిషి, సెలవుకి ఇంటికొస్తున్నాడు. అతని చేత నీకో మూట పంపిస్తున్నాను. అద్దం, కాళ్ళకి తొడిగే రబ్బరు రెక్కలు, నడుముకి సీసం దిమ్మల పట్టీ. ఇంకా ఒక సిలిండరు, నోట్లో పెట్టుకునే రెగ్యులేటరుతో సహా. కంపెనీ కొత్తవి కొంటూ పాతవి పక్కన పడేసింది. వాల్వు నేనే విప్పి చూశాను, గట్టిది. మనిషి ఊపిరిని మోసిన సామాను రా అది, బిందె మోసినట్టు మొయ్యకు.

జాగ్రత్తగా విను. ముందు ఉత్త ఊపిరితో మునుగు. చెవులు నొప్పెడితే ముక్కు పట్టుకుని ఊదు, తగ్గకపోతే పైకి వచ్చెయ్. నొప్పితో పందెం కాయకు. ఒక్కడివీ ఎప్పుడూ దిగకు. సిలిండరు ఖాళీగా వస్తోంది, నిండుది విమానంలో రానివ్వరు. దాన్ని అటక మీద పెట్టి మర్చిపో. గాలి ఎక్కడ నింపాలో, ఎవరి దగ్గర నింపాలో కనుక్కుని రాస్తాను. సిలిండరుతో మునగడం వేరే చదువు, దానికి వేరే ఉత్తరం.

ఇంకొక మాట, ఇది నువ్వే మెల్లిగా చెప్పాలి. నా ఒప్పందం ఇంకో ఏడాది పొడిగించారు. వద్దనలేకపోయాను. మీ అక్కకి మంచి సమయం చూసి చెప్పు. నేను రాస్తే కాగితం చింపేస్తుంది.

నీ బావ,
హుస్సేన్


786
విశాఖపట్నం
3 ఫిబ్రవరి 1987

బావా, సలాం. నీకు వెయ్యేళ్ళు.

మూట అందింది. ఆ అద్దం పెట్టుకుని మొదటిసారి తల ముంచినప్పుడు నేను ఏడ్చాను, ఎవరికీ చెప్పకు. ఇరవై మూడేళ్ళుగా ఈ సముద్రం పక్కనే పుట్టి పెరిగి, పైన కప్పిన దుప్పటిని చూసి అదే సముద్రం అనుకున్నాను. రాళ్ళు, రాళ్ళ మీద నాచు, నాచులో కాపురాలు! ఇప్పుడు ఊపిరి బిగబట్టి మూడు బారలు దిగుతున్నాను. గాలాలు చిక్కుకుంటే తెచ్చిస్తున్నాను. పోతమ్మ నన్ను "నీటి కాకి" అంటోంది, తిట్టు కాదు, ముద్దే.

అక్కకి ఆ ఒప్పందం సంగతి చెప్పాను. చేప ముక్కలకి ఉప్పు రాస్తూ కూర్చుంది, రాసినదానికే మళ్ళీ రాసింది.

ఇప్పుడు పెద్ద సంగతి. దొరబాబు కొత్త నైలాను వల ఎనిమిది బారల లోతులో రాతికి పట్టుకుపోయింది. వల పోతే వాళ్ళ ఇల్లు గడవదు. ఉత్త ఊపిరితో అంత లోతు నా వల్ల కాదు. సిలిండరుతో అవుతుంది.

గాలి ఎక్కడ నింపాలో రాస్తానన్నావు. అక్కర్లేదు, నేనే దారి కనిపెట్టాను. బావా, నేను గ్యాస్ కటింగ్ మనిషిని! మా సైటులో ఆక్సిజన్ సిలిండర్లు వరసగా నిలబడి ఉంటాయి. మీరు నింపేది ఏమిటి? బయటి గాలి. మన ఊళ్ళో బయటి గాలి ఎలా ఉంటుందో అక్క దండెం మీద ఆరేసిన తెల్ల బట్టల్ని అడుగు, పోర్టు ఇనపరాయి దుమ్ముతో సాయంత్రానికి ఎర్రబడతాయి. అది పీల్చుకుని లోతుకి పోవడమెందుకు? నాది అసలు సిసలు ఆక్సిజన్. ఆసుపత్రిలో పోయే ప్రాణాన్ని పట్టి నిలబెట్టేది అదే కదా! మా లేత్ మీద పనిచేసే గోదావరి వీర్రాజు ఆ సిలిండరుకీ దీనికీ కలిపే ఇత్తడి కనెక్షను కూడా చేసిచ్చాడు. నూనె మరక లేకుండా అంతా సబ్బుతో కడిగాను. ఆక్సిజన్ దగ్గర నూనె ఉంటే భగ్గుమంటుందని నీకంటే నాకే బాగా తెలుసు.

నింపేశాను. గంగాళంలో నీళ్ళు పోసి, ముఖం ముంచి పీల్చి చూశాను. ఒడ్డున మొలలోతు నీళ్ళలో కూర్చుని చూశాను. బ్రహ్మాండం! తల తేలిగ్గా, ఒళ్ళు హాయిగా ఉంది.

నీ ఉత్తరం కోసం ఆగమంటావు, తెలుసు. కిందటిసారి ఆగి తారు పూశాను. ఈసారి ఆగను. వచ్చే ఆదివారం మా షెడ్డులో ఓవర్‌టైము ఉంది. ఆ పై ఆదివారం, పదిహేనో తారీఖు పొద్దున్న, దిగుతున్నాను. నువ్వు ఈ ఉత్తరం చదివేసరికి వల ఒడ్డున ఆరుతూ ఉంటుంది.

నీటి కాకి,
ఖయ్యూం


అబూదాబీ
14 ఫిబ్రవరి 1987, శనివారం

ఖయ్యూం,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. టెలిగ్రాం ఆఫీసుకెళ్ళి తంతి కొట్టి వచ్చి ఇది రాస్తున్నాను. తంతి అందకపోతే ఈ ఉత్తరం వల్ల ఉపయోగం లేదు, నాకు తెలుసు. అయినా రాయకుండా కూర్చోలేను.

ఉత్త ఆక్సిజన్ లోతులో విషం. మూడు నాలుగు బారలు దాటితే అది మెదడుని పట్టుకుంటుంది. ముందు చెప్పదు, నొప్పి ఉండదు, హాయిగానే ఉంటుంది. ఉన్నట్టుండి మూర్ఛ వచ్చినట్టు ఒళ్ళు కొట్టుకుంటుంది, నోట్లో గొట్టం ఊడిపోతుంది, అంతే. గంగాళంలో బాగుందన్నావు. గంగాళంలో ఎవడికైనా బాగుంటుంది. సిలిండరు పొరపాటున మారి ఒకడు అలా పోవడం నేను చూశాను. గోవా కుర్రాడు, నీ అంతే ఉంటాడు. వాడి తల్లికి సామాను కట్టి పంపించింది నేనే.

నేను అన్నీ రాశాను. చెవుల గురించి రాశాను, సీసం దిమ్మల గురించి రాశాను. ఈ ఒక్కమాట నాకు తట్టలేదు. ఇక్కడ ఎవరికీ ఆ ఆలోచన రాదు, వాడు పోయాక ఎవరి చేతికీ ఆక్సిజన్ అందనివ్వడం లేదు. నువ్వు పొద్దస్తమానం దాని మధ్యే పనిచేస్తావని నేను మర్చిపోయాను.

నా మాట ఇక్కడ బయల్దేరి పది పదిహేను రోజులకి నీ దగ్గరకొస్తుంది. నువ్వు ఈలోపు దూకేస్తావు. ఇలా నేర్పకూడదు, తెలిసీ నేర్పాను.

ఇది ఎవరు చదువుతున్నా, నా భార్య రసూల్ బీ ఒంటరిగా ఉన్నప్పుడు దీన్ని ఆమె చేతికివ్వకండి.

హుస్సేన్


786
విశాఖపట్నం
16 ఫిబ్రవరి 1987

బావా,

బతికే ఉన్నానని నిన్ననే జవాబు తంతి కొట్టాను, అందే ఉంటుంది. నేను దిగలేదు. ఇప్పుడు తాపీగా విను. నిన్న పొద్దున్న రెండు గంటలసేపు నువ్వు చనిపోయావు.

నేనూ దొరబాబూ తెల్లారుతూనే కెరటం దాటాం. నేను నా పడవలో, వాడు తెప్ప మీద. రాతి దగ్గర లంగరు వేశాం. పట్టీ కట్టుకున్నాను, సిలిండరు వీపుకి ఎక్కించుకున్నాను, అద్దం దించుకున్నాను, గొట్టం నోట్లో పెట్టుకున్నాను. దూకబోతుంటే దొరబాబు, "ఆగు ఆగు!" అని అరిచాడు. గట్టు మీద ఎవరో తెడ్డుకి తెల్లబట్ట కట్టి ఊపుతున్నారు. వాళ్ళ పేటలో అది కబురన్న మాట. వేటలో ఉన్నవాళ్ళలో ఎవరింట్లోనో ఏదో జరిగింది. అది కనబడితే నీళ్ళలో వల ఉన్నా వదిలేసి రావాలి.

నాకు ఒళ్ళు మండింది. "ఐదు నిమిషాలు బావా, వల విప్పేసి వచ్చేస్తాను. ఆ కబురు మీవాళ్ళదేమో, నాదెందుకవుతుంది?" అన్నాను. వాడు తెప్ప మీంచి నా పడవ పట్టుకున్నాడు. "ఎవుల్దైనా ఒకటే. కబురొచ్చినాక నీటిలోకి దిగకూడదు. నా వల పోతే పోనీ, ఇంకోటి కట్టుకుంతాం. గొట్టం తీసీ!" అన్నాడు. నేను వాణ్ణి తిట్టాను. వాడు వదల్లేదు. బావా, నేను ఎంత విదిలించినా వాడు ఆ అంచు ఒగ్గలేదు.

ఒడ్డున షరీఫ్ చిన్నాన్న. లాంతర్ల కొట్టు కట్టేసి స్కూటరు మీద వచ్చాడు. పక్కన బట్ట కట్టిన తెడ్డు పట్టుకుని పోతమ్మ. ఆయన నన్ను చూడగానే, "తంతి వచ్చిందిరా, అబూదాబీ నుంచి" అన్నాడు. పోతమ్మ గొంతెత్తింది. "ఓలమ్మో, హుస్సేనయ్యా! ఎంత మంచోడివి బాబూ, నా దగ్గిర ఏనాడూ బేరవాడినోడివి కాదు!" నువ్వు ఆమెతో ప్రతి చేపకీ కొట్టుకునేవాడివని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. అయినా ఇద్దరం ఏడ్చాం.

ఇంటి ముందు వీధంతా ఉంది. తంతి నా పేరు మీద వచ్చింది కాబట్టి, నేను వచ్చేదాకా ఎవరూ విప్పొద్దంది అమ్మ. విప్పలేదు గానీ, ఏడవడానికి విప్పక్కర్లేదుగా! విదేశం నుంచి తంతి అంటే ఇంకేముంటుంది? పక్కింటివాళ్ళు బల్లలు తెచ్చి వేశారు. ఖురాన్ చదవడానికి పెద్దాయన్ని పిలుచుకొచ్చారు. ఇన్నాళ్ళూ నిన్ను "పెళ్ళాన్ని ఒదిలేసి పోయినోడు" అన్న అమ్మ, "నా అల్లుడు బంగారం" అని గుండెలు బాదుకుంటోంది.

నా చేతికిచ్చారు. విప్పే తొందరలో కాగితం అంచు చిరిగింది. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. దిగకు, ఆక్సిజన్ చంపుతుంది, హుస్సేన్. రెండుసార్లు చదివాను. చనిపోయినవాడు తంతి కొట్టడు కదా అని మెల్లిగా బుర్రకెక్కింది. "బావ బతికే ఉన్నాడు" అన్నాను. ఎవరూ నమ్మలేదు. దుఃఖంతో మతి పోయిందనుకున్నారు. షరీఫ్ చిన్నాన్న కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివి, "ఔనర్రా, ఇది వీడి చావు గురించి, వాడిది కాదు!" అన్నాడు. అప్పుడు అమ్మ లేచొచ్చి చెంప ఛెళ్ళుమనిపించింది. ఆ మోకాళ్ళతో అంత వేగంగా వస్తుందని నాకు తెలీదు. పోతమ్మ కూడా ఒకటేసింది.

నవ్వుతున్నావా? నేనూ నవ్వాను. తర్వాత పెరట్లోకి వెళ్ళి ఆ సిలిండరు వాల్వు తిప్పేశాను. బుస్సుమంటూ చాలాసేపు పోయింది. దాని పక్కన కూర్చున్నాను. దొరబాబు వచ్చి నా పక్కన కూర్చుని, "నాను ఒగ్గీసుంటే?" అన్నాడు.

నువ్వు రాసింది చదివి కాదు బావా, నువ్వు పోయావనుకుని బతికాను. వల అక్కడే ఉంది. నేను మళ్ళీ దిగుతాను, ఆ వల తెస్తాను. కానీ ఈసారి నేర్చుకుని.

ఖయ్యూం


786
అబూదాబీ
2 మార్చి 1987

ఖయ్యూం,

మీ అందరికీ సలాం. నీ ఉత్తరం నిన్న వచ్చింది. బతికే ఉన్నానన్న నీ తంతి అంతకు ముందే వచ్చిందిలే. దాన్ని విప్పడానికి నా చేతులు రాలేదు. సముద్రం అడుగున చీకట్లో బోల్టులు బిగించే చేతులు ఇవి. కుట్టి విప్పి చదివి, పైకెత్తి చూపించి నవ్వాడు. అప్పటిదాకా నేను ఊపిరి పీల్చానో లేదో తెలీదు.

దొరబాబుకి నా సలాం చెప్పు. వాళ్ళమ్మకి చెప్పు, వచ్చాక ఒక పెద్ద కోనాం కొంటాను, బేరమాడకుండా.

మే నెలలో నెలరోజులు సెలవు ఇస్తామన్నారు. వస్తాను. గాలి నింపేచోట నేనే మాట్లాడతాను, నీళ్ళలోకి నేనే దింపుతాను, ఆ వల ఇద్దరం కలిసి తెద్దాం. అందాకా సిలిండరు ముట్టుకుంటే నేను నిజంగానే చచ్చినంత ఒట్టు.

ఒకటి అడుగుతాను. అమ్మ ఏడ్చింది, పోతమ్మ ఏడ్చింది, వీధంతా ఏడ్చిందని రాశావు. మీ అక్క సంగతి ఒక్క ముక్క రాయలేదు. నేను పోయినప్పుడు అది ఏం చేసింది?

హుస్సేన్


786
విశాఖపట్నం
16 మార్చి 1987

మీకు సలాం.

మీరడిగింది ఖయ్యూం నాకు చదివి వినిపించి, "నువ్వే రాసుకో" అని కలం నా చేతిలో పెట్టాడు.

నేను ఏడవలేదు. వీధిలో ఇప్పటికీ అదే చెప్పుకుంటున్నారు, రసూల్ బీది రాయి గుండె అని. గాజులు తియ్యడానికి అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నేను వెనక్కి లాక్కోలేదు. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాను, ఒక్కసారి మిమ్మల్ని చూసుకుందామని. మీరు రాలేదు. గోడ మీది ఫోటో వచ్చింది. మెడదాకా గుండీలు పెట్టుకుని, నవ్వకుండా, ఎవరో తెలీని పెద్దమనిషి. మీరు అన్నం తింటుంటే ఎలా ఉంటారు, నిద్ర లేచినప్పుడు ఎలా ఉంటారు, నాతో దెబ్బలాడేటప్పుడు ముఖం ఎటు తిప్పుతారు, ఎంత వెతికినా దొరకలేదు. మీరు పోయారంటే భయం వెయ్యలేదు. అందుకు వేసింది.

తంతి విప్పాక అందరూ నవ్వుతుంటే అప్పుడు లోపలికి వెళ్ళి ఏడ్చాను. ఎవరూ చూడలేదు.

మీ మాటలు వాడికి ఆలస్యంగా అందుతున్నాయని బాధపడ్డారు. నిజమే, వాడు తొందరపడే రకం. నేను కాదు. ఒప్పందం ఇంకో ఏడాది అని వాడి చేత చెప్పించినప్పుడు కూడా నేను మిమ్మల్ని ఒక్కమాట అనలేదు. ఇప్పుడంటున్నాను.

మే నెలలో నెలరోజులకి వస్తామన్నారు. నెలరోజుల్లో వాడు మునగడం నేర్చుకుంటాడేమో. నాకు నెల చాలదు.

రసూల్ బీ